అప్‌డేట్: కిల్ట్ మీదకి చొక్కా, టై దొరికాయి

పోయిన నెల ఇక్కడే అడిగాను. ఉండేది ఎడిన్‌బరోలో, పెర్త్‌షైర్‌లో కొలీగ్ పెళ్లి, అదీ పగటిపూట. బ్లాక్ వాచ్ (ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ల డిజైన్) కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల లంగా లాంటిది), ఆకుపచ్చ ట్వీడ్ (గరుకు ఊలు బట్ట) కోటు అద్దెకి తీసుకున్నాను, లోపల ఏ చొక్కా, ఏ టై వేసుకోవాలని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

ట్యాటర్‌సాల్ చొక్కా అన్నవాళ్ల మాటే నెగ్గింది. మీగడ రంగు మీద సన్నటి ఆకుపచ్చ, ముదురు ఎరుపు గీతల గళ్లు. లండన్‌లో 1766లో మొదలైన ట్యాటర్‌సాల్ గుర్రాల సంత పేరే దీనికి వచ్చింది, అక్కడ గుర్రాలకి కప్పే దుప్పట్ల గళ్లు ఇవే. గళ్ల మీద గళ్లు కొట్టుకుంటాయేమోనని నాకు ఒకటే టెన్షన్. కిల్టులు కుట్టే పెద్దాయన రెండింటినీ కిటికీ వెలుతురులో పక్కపక్కన పరిచి చూపించారు. గళ్ల సైజులో బాగా తేడా ఉంటే ఇబ్బంది లేదు, ఇంచుమించు ఒకే సైజైతేనే కళ్లు చెదురుతాయన్నారు. చూస్తే నిజమే.

టై ఇటుక రంగు ఊలుది. ముందు కొన్న పట్టు టై గరుకు ట్వీడ్ పక్కన మెరిసిపోయి అస్సలు అతకలేదు. ఊలు మందం కాబట్టి ముడి చిన్నది వేయండి. కిల్ట్ టార్టన్‌లోనే (అదే గళ్ల డిజైన్‌లో) టై వద్దన్న సలహా కూడా బంగారం.

బో టై, వెండి అంచు బొచ్చు స్పోరన్ (కిల్ట్ ముందు నడుముకి వేలాడే సంచి) గురించి అనవసరంగా వెతికాను, అవి సాయంత్రం వేడుకలకి. పగటికి మామూలు తోలు స్పోరన్ చాలు. చాలా టార్టన్లు ఒక్కో స్కాటిష్ వంశానివి, అయినా నీది ఏ వంశమని కూడా ఎవరూ అడగలేదు, బ్లాక్ వాచ్ ఎవరైనా కట్టుకోవచ్చు.