ఐఎన్ఎస్ ఢిల్లీ: తాతయ్య ఫొటోలో మూడు టరెట్లు, మోడల్ కిట్‌లో నాలుగు. ఏది సరైనది?

మల్కాపురం అమ్మాయి:
మా తాతయ్య నేవీలో చేశారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఐఎన్ఎస్ ఢిల్లీ ఫొటో ఒకటి దొరికింది. సంవత్సరీకం నాటికి ఆ ఓడ బొమ్మ తయారుచేసి ఆయన పటం పక్కన పెడదామని నా ఆశ. ఢిల్లీ పాత పేరు అకిలీస్ అని చదివి ఆ పేరు మీదున్న కిట్ తెప్పించాను. కిట్‌లో జంట ఫిరంగుల టరెట్లు, అంటే ఫిరంగులు బిగించి అటూఇటూ తిరిగే గూళ్లు, నాలుగున్నాయి, ముందు రెండు, వెనక రెండు. ఫొటోలో మాత్రం వెనక ఒక్కటే ఉంది. అసలిది వేరే ఓడేమోనని దిగులుగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓడల పిచ్చి:
ఐఎన్ఎస్ మైసూర్ ఏమో చూడండి. దానికీ వెనక టరెట్ ఒకటే. కాకపోతే ఒక్కో టరెట్‌లో మూడేసి గన్లు, పొగగొట్టాలు రెండు.

మల్కాపురం అమ్మాయి:
పొగగొట్టం ఒకటేనండీ, లావుగా ఉంది. గన్లు రెండేసి.

పాత స్టోకర్, గాజువాక:
అయితే అది ఢిల్లీయే, అనుమానం పెట్టుకోకు తల్లీ. 1973లో నేను ఆ ఓడ బాయిలర్ రూంలో చేశాను. అప్పటికది ట్రైనింగ్ షిప్.

టరెట్లని ముందు నుంచి ఏ, బి, వెనక ఎక్స్, వై అంటాం. నీ ఫొటోలో లేనిది ఎక్స్. 1943 జనవరి 5న పసిఫిక్‌లో గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర జపాన్ విమానం వేసిన బాంబు సరిగ్గా దాని మీదే పడింది. 13 మంది పోయారు. రిపేరుకి ఇంగ్లండు వెళితే ఆ టరెట్ మళ్లీ పెట్టలేదు. అప్పటికి విమానాల భయమే ఎక్కువ కాబట్టి ఆ చోటు విమానాల్ని కొట్టే చిన్న గన్లకి ఇచ్చేశారు. 1948 జూలై 5న మన చేతికొచ్చింది ఆరు గన్ల ఓడే. నీ కిట్ 1939 నాటి రూపం.

ఆ 1939లోనే దాని పేరు లోకానికి తెలిసింది. డిసెంబర్ 13న దక్షిణ అమెరికాలో ప్లేట్ నది ముఖద్వారం దగ్గర, 11 అంగుళాల ఫిరంగులున్న జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పే మీదికి ఆరంగుళాల గన్లతో వెళ్లింది. తోడు బ్రిటిష్ ఓడలు ఏజాక్స్, ఎక్సెటర్. అకిలీస్‌లో నలుగురు పోయారు, కెప్టెన్ ప్యారీ కాళ్లకి పెంకులు గుచ్చుకున్నాయి. ఆ ప్యారీయే 1948లో మన నేవీకి అధిపతిగా వచ్చారు. అంటే తన పాత ఓడా తనూ ఒకే ఏడాది మన దగ్గరికి చేరారన్నమాట. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఒకే పొగగొట్టం ఎందుకంటే, ఆరు బాయిలర్లూ ముందువైపు ఒకచోటే, ఇంజిన్ రూంలు వాటి వెనక. పొగంతా ఒకే గొట్టంలోకి తిప్పారు. చూపుకి అందమే గానీ అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఆవిరి మొత్తం పోతుంది. ఈ తరగతిలో తర్వాత కట్టినవాటికి బాయిలర్లనీ ఇంజిన్లనీ రెండు జట్లుగా విడదీశారు, వాటికి గొట్టాలు రెండు.

మా బాయిలర్ రూంలోకి రెండు తలుపులు దాటి దిగాలి. మొదటిది మూశాకే రెండోది తియ్యాలి. ఫ్యాన్లతో లోపలికి గాలి తోసి ఒత్తిడి నిలబెడతారు. రెండూ ఒకేసారి తెరిస్తే ఒత్తిడి పడిపోయి, కొలిమిలో మంట మన మీదికి ఎగదన్నుతుంది. దిగగానే చెవులు దిబ్బెళ్లు వేసేవి. మెట్ల కమ్మీ ఒట్టి చేత్తో పట్టుకునేవాళ్లం కాదు, నూలుపీచు చుట్టుకుని పట్టుకునేవాళ్లం.

వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కుర్సురా సబ్‌మెరైన్‌ని చూసినప్పుడల్లా ఢిల్లీని కూడా ఇలాగే ఉంచాల్సింది అనిపిస్తుంది. 1978 జూన్ 30న సర్వీసు నుంచి తీసేశారు, తర్వాత ముక్కలు చేశారు. అకిలీస్‌గా ఉన్నప్పుడు న్యూజిలాండ్ తరఫున పనిచేసిన ఓడ కాబట్టి, వై టరెట్ ఒక్కటి న్యూజిలాండ్‌కి కానుకగా ఇచ్చారు. ఆక్లండ్‌లో డెవన్‌పోర్ట్ నేవీ గేటు దగ్గరుంది. నీ ఫొటోలో వెనక కనపడేది అదే.

ఎక్స్ టరెట్ మాత్రం అతికించకు.

మల్కాపురం అమ్మాయి:
అతికించను తాతగారూ. మీది చదివి ఫొటో ఫ్రేములోంచి తీసి చూశాను. వెనక పెన్సిల్‌తో ‘ఇ.ఆర్.’ అని ఉంది, తాతయ్య రాతే.

పాత స్టోకర్, గాజువాక:
ఇంజిన్ రూం తల్లీ. మా వెనక గదే. ఏ సంవత్సరమో కూడా రాశారేమో, వెలుతురులో పెట్టి చూడు.