లైరా వయోల్: హార్ప్-వే శ్రుతిలో తెగిన మూడో తీగ

ప్రశ్న:
నమస్కారం. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌కు చెందిన ఒక లైరా వయోల్ (కమానుతో వాయించే తీగల వాద్యం) రచనను, అదే కుటుంబానికి చెందిన నా ఆరు తీగల బాస్ వయోల్ మీద సాధన చేయబోయాను. శ్రుతి ‘హార్ప్-వే షార్ప్’, అంటే డి-ఇ-ఎఫ్-హెచ్-ఎఫ్. మొదటిదైన పై తీగను కదపకుండా మిగిలినవి సరిచేస్తుండగా మూడో తీగ తెగిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగింది? ‘థంప్’ అని రాసినచోట ఏ చేత్తో మీటాలో కూడా తెలియజేయగలరు.

జవాబు 1:
ఆ అక్షరాలు తీగల మధ్య దూరాన్నే చెబుతాయి, అసలు శ్రుతి ఎంత ఉండాలో చెప్పవు. ‘ఎ’ వేలు నొక్కని ఖాళీ తీగ కనుక ‘డి’ మూడో మెట్టు (వేలు నొక్కే అడ్డుగీత; ఒక్కో మెట్టుకు అర స్వరం తేడా) అవుతుంది. రెండో తీగను అక్కడ నొక్కితే పలికే స్వరం ఖాళీగా మోగే మొదటి తీగతో కలవాలి. మామూలు శ్రుతి ఎఫ్-ఎఫ్-ఇ-ఎఫ్-ఎఫ్. పై తీగను అలాగే ఉంచితే రెండో తీగ రెండు మెట్లు, మూడోది మూడు, నాలుగోది రెండు మెట్లు పెరగాలి. పేగు తీగకు అంత బిగింపు ప్రమాదమే. మొత్తం శ్రుతిని రెండు మెట్లు దించి చూడండి. అప్పుడు ఒకటి, అయిదు, ఆరు తీగలు వదులవుతాయి, రెండు, నాలుగు కదలవు, మూడోది ఒక్క మెట్టే పెరుగుతుంది.

జవాబు 2:
థంప్ ఎడమ చేతి పని. కమానును తీగల మీది నుంచి తీసి, ఎడమ చేతి వేలితో ఖాళీ తీగను మీటుతారు. సైనికుడూ స్వరకర్తా అయిన టోబియాస్ హ్యూమ్ 1605 నాటి సంపుటిలో, ‘హార్క్, హార్క్’ అనే రచనలో, కమాను వెనుక భాగంతో తీగల మీద డప్పులా కొట్టమని రాశాడు. అలాంటి సూచనల్లో మనకు తెలిసినంతలో అదే మొదటిది. దానికి మాత్రం మీ మంచి కమానును వాడకండి, కర్ర మీది వార్నిష్ నిలవదు.

జవాబు 3:
తీగ మార్చాక వేళ్లను గమనించండి. ట్యాబ్లేచర్ (వేళ్ల స్థానాలను అక్షరాలతో చూపే స్వరలిపి) వేలు ఎక్కడ, ఎప్పుడు పెట్టాలో చెబుతుంది కానీ, ఎప్పుడు తీయాలో సాధారణంగా చెప్పదు. మరో స్వరానికి ఆ వేలు అవసరమయ్యేదాకా దాన్ని తీగ మీదే ఉంచాలని ఆంగ్ల వయోల్ వాద్యకారుడు క్రిస్టఫర్ సింప్సన్ 1659లో బోధించాడు. కమాను పక్క తీగకు వెళ్లినా మంద్ర స్వరం కింద మోగుతూనే ఉండడానికి కారణం ఇదే. వేలు ముందే లేచిందంటే, శ్రుతి ఎంత బాగా కుదిరినా ఒంటి వాద్యం మీద రెండు గొంతులు వినిపించవు. నా మటుకు థంప్ కంటే కష్టమైనది ఇదే.