చిన్నపిల్లల వెంటిలేటర్‌కు హెచ్‌ఎంఈ చాలా, హ్యుమిడిఫయర్ ఉండాల్సిందేనా?

భీమవరం_ఐసీయూ: వెంటిలేటర్ న్యుమోనియా తగ్గాలంటే హ్యుమిడిఫయర్లు (నీళ్ళు వేడిచేసి వెంటిలేటర్ గాలికి తేమనిచ్చే యంత్రాలు) తీసేసి పిల్లలందరికీ హెచ్‌ఎంఈ ఫిల్టరే (వదిలిన గాలిలోని తేమ, వేడి పట్టి తిరిగి ఇచ్చేది) పెడదామని మా యూనిట్‌లో ప్రతిపాదన. హ్యుమిడిఫయర్‌తో గొట్టాల్లో నీళ్ళు చేరి, వాటిలో క్రిములు పెరిగి, బిడ్డను తిప్పినప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారతాయన్నది కారణం. పైగా డెల్టా గాలిలోనే బోలెడు తేమ ఉంది కదా అంటున్నారు. మీరేమంటారు?

కోనసీమ_పీడియాట్రిక్స్: తేమ మాట నిలబడదండీ. బిడ్డకు వెళ్ళేది పైప్‌లైన్ గాలి, ఆక్సిజన్. రెండూ పొడివే. బయట గోడలు చెమర్చినా అందులోకి చుక్క తేమ రాదు. ఇక లెక్క చూడండి: 6 కిలోల బిడ్డకు కిలోకు 6 మి.లీ. చొప్పున ఒక్కో శ్వాస 36 మి.లీ. పెద్దల హెచ్‌ఎంఈ లోపలి ఖాళీయే 50 మి.లీ. దాకా ఉంటుంది. వదిలిన గాలే మళ్ళీ పీల్చి కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది. చంటిపిల్లల సైజు వాడినా, కఫ్ (గాలి లీకవకుండా ట్యూబ్ చుట్టూ ఉబ్బే బుడగ) లేని ట్యూబ్ పక్కనుంచి గాలి లీకైతే ఆ తేమ ఫిల్టర్‌కు చేరనే చేరదు.

కాకినాడ_సిస్టర్: చంటిపిల్లల వరకు ఒప్పుకుంటాను డాక్టర్‌గారూ. కానీ ఎనిమిదేళ్ళ పిల్లాడికి కట్లపాము కరిచి ఊపిరి ఆగింది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, కఫ్ ట్యూబ్ ఉంది. అతనికి హెచ్‌ఎంఈ ఎందుకు వద్దు? రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ముగ్గురు పిల్లల్ని చూస్తుంటే గొట్టాల నీళ్ళు ఎన్నిసార్లు ఒంపగలదు?

కోనసీమ_పీడియాట్రిక్స్: ఆ పిల్లాడికి పెట్టొచ్చు. అదే ఈడు పిల్లాడు పురుగుమందు మింగి వస్తే పెట్టకూడదు. నోట్లో, ట్యూబ్‌లో కఫం పొంగుతుంటుంది, గంటలోనే ఫిల్టర్ మూసుకుపోవచ్చు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైతే అదే కఫం చిక్కబడి ట్యూబ్‌కే అడ్డుపడుతుంది. అందుకే ‘అందరికీ’ అన్న మాట మీదే నా అభ్యంతరం. పెద్దల మీద చేసిన పోలికల్లో కూడా ఈ రెండిటి మధ్య న్యుమోనియా విషయంలో నిలకడైన తేడా తేలలేదు.

రెస్పిరేటరీ_టెక్: సిస్టర్ చెప్పిన నీళ్ళ సమస్యలో సగం అమరికదే. ఏసీ గాలి నేరుగా గొట్టం మీద కొడుతుంటే నీళ్ళు చేరక ఏంచేస్తాయి? బ్లోయర్ దిశ మార్చండి, వేడి తీగ ఉన్న సర్క్యూట్ (గొట్టాల సెట్) తీసుకోండి. హ్యుమిడిఫయర్ నీళ్ళుండే ఛాంబర్ దగ్గర 37, వై-పీస్ (బిడ్డ ట్యూబ్ దగ్గర గొట్టాలు కలిసే చోటు) దగ్గర 40 డిగ్రీలు. వాటర్ ట్రాప్ బిడ్డ కంటే కింద వేలాడాలి. బిడ్డను తిప్పే ముందే, చేతులు శుభ్రం చేసుకుని గ్లవ్స్ వేసుకుని ఒంపాలి. తిప్పాక ఒంపి లాభం లేదు. ఆ నీళ్ళు ఛాంబర్‌లో తిరిగి పోయకూడదు. ఛాంబర్‌లో స్టెరైల్ వాటరే, సెలైన్ వద్దు.

వార్మర్ (పైనుంచి వేడినిచ్చే యంత్రం) కింద పడుకోబెట్టిన పసిబిడ్డ విషయంలో ఇంకో జాగ్రత్త. వై-పీస్ దగ్గర వేడి కొలిచే ప్రోబ్‌కు వార్మర్ వేడి తగిలితే యంత్రం ‘చాలు, వేడెక్కింది’ అనుకుని హీటర్ తగ్గించేస్తుంది. స్క్రీన్ మీద 40 కనబడుతుంది, లోపల కఫం ఎండుతుంది. ప్రోబ్ మీద రిఫ్లెక్టర్ కప్పండి.

భీమవరం_ఐసీయూ: సర్క్యూట్ రెండు రోజులకోసారి మారుస్తున్నాం. కొనసాగించాలా?

కాకినాడ_సిస్టర్: వద్దండీ. కఫమో రక్తమో కనబడితేనో, పాడైతేనో మార్చండి. విప్పిన ప్రతిసారీ గొట్టంలోని నీళ్ళు బిడ్డవైపు జారే అవకాశం ఉంది. ఆ శ్రమ కఫ్ ప్రెషర్ మీద పెట్టండి: ప్రతి షిఫ్టులో మానోమీటర్‌తో చూసి 20 సెం.మీ. నీటి ఒత్తిడి దగ్గర ఉంచండి. పెద్దపిల్లలకు తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు, పళ్ళుంటే మెత్తని బ్రష్, లేకపోతే తడిపిన గాజ్ గుడ్డతో నోరు శుభ్రం. ట్యూబ్ ఈ రోజు తీయొచ్చా అని రోజూ రౌండ్స్‌లో అడగండి.

రెస్పిరేటరీ_టెక్: హెచ్‌ఎంఈ పెట్టే పిల్లలకు కంపెనీ రాసిన గడువుకు మార్చండి, తడిస్తే వెంటనే. నెబ్యులైజేషన్‌కు ముందు తీసేయండి. హ్యుమిడిఫయర్ ఆన్‌లో ఉండగా హెచ్‌ఎంఈ కూడా తగిలిస్తే అది నీరు పీల్చి ఉబ్బుతుంది, గాలి పోదు. తుఫాను రోజుల్లో కరెంటు పోయి హ్యుమిడిఫయర్ ఆగితే తాత్కాలికంగా పెట్టడానికి బిడ్డ సైజుకు తగ్గ ఒక హెచ్‌ఎంఈ ప్రతి బెడ్ దగ్గరా ఉంచండి. కరెంటు రాగానే తీయాలని దాని మీదే రాసిపెట్టండి.