మూడు వాటాల ఇంట్లో ఒక వాటా గోల: ఏం చేయాలి?

ప్రశ్న (భీమవరం): మేం అద్దెకుండేది మూడు వాటాల ఇల్లండి. నడి వాటాలో దిగినాయన రాత్రి పన్నెండు దాటినా స్పీకరు ఆపడు. బోరు మోటారు వేసి వదిలేస్తాడు, ట్యాంకు పొర్లి వాకిలంతా నీళ్ళు. ఓనరుగారు హైదరాబాదులో ఉంటారు, "మీరూ మీరూ చూసుకోండి" అంటున్నారు. పరీక్షలకి చదివే పిల్లలున్నారు, దారి చెప్పండి.

జవాబు: ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. "రోజూ గోలేనండీ" అంటే ఎవరి దగ్గరా నిలబడదు. ఇలా రాయాలి: "14వ తేదీ, రాత్రి 11:40 నుంచి 1:15 దాకా పాటలు. 12:05కి తలుపు కొట్టి చెప్పాం, తగ్గించారు. 12:20కి మళ్ళీ పెంచారు." పక్కన మూడో వాటా వాళ్ళ సంతకం కూడా ఉంటే బలం. వీడియో మీ అరుగు మీద నుంచే తీయండి, వాళ్ళ గుమ్మంలోకి కెమెరా పెట్టొద్దు. మీ మీదే ఎదురు ఫిర్యాదు వస్తుంది.

జవాబు: ఖాళీ చేయించాల్సింది ఓనరుగారే. మీకూ నడి వాటాకీ మధ్య ఒప్పందం లేదు కదా. ఆ నోటుబుక్కు పేజీలు జతచేసి, రెండు వాటాల వాళ్ళూ సంతకాలు చేసి, అందినట్టు రుజువు ఉండేలా ఓనరుగారికి పోస్టులో ఉత్తరం పంపండి. ఫోనులో చెబితే మర్చిపోతారు. నెలనెలా అద్దె లెక్కన ఉంటున్నవాళ్ళకి, ఒప్పందంలోగానీ స్థానిక చట్టంలోగానీ వేరేగా లేకపోతే, 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద ఓనరు 15 రోజుల నోటీసు ఇస్తే చాలు. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. పదకొండు నెలల అగ్రిమెంటు ఇంకా నడుస్తుంటే మాత్రం ఇరుగుపొరుగుకి ఇబ్బంది పెట్టకూడదన్న షరతు అందులో ఉందో లేదో చూడాలి. లేకపోతే మధ్యలో లేపడం కష్టం. చాలామంది ఓనర్లు పొరబడేది ఇక్కడే: నోటీసు గడువు దాటాక వచ్చిన నెల అద్దె మామూలుగా పుచ్చుకుంటే నోటీసు వదులుకున్నట్టే అయిపోవచ్చు (113వ సెక్షను). లాయరుని అడక్కుండా ఆ డబ్బు ముట్టుకోవద్దని చెప్పండి.

ప్రశ్న: ఈలోపు ఆ వాటా ఫ్యూజు పీకేస్తే?

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు! కరెంటు తీసినా, తాళం వేసినా, సామాను బయట పెట్టినా కేసు ఆయన చేతికి మీరిచ్చినట్టే. చట్టప్రకారం కాకుండా వెళ్ళగొడితే ఆర్నెల్లలోపు దావా వేసి, అసలు ఓనరు మీదైనా సరే, ఆ వాటాలోకి తిరిగి రావచ్చు. 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను అదే.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం మీద 2000 నాటి నిబంధనలున్నాయి. మోత మోగుతుండగానే 112కి ఫోను చేసి పోలీసులకి చెప్పండి. తెల్లారి చెబితే చూపించడానికి ఏమీ మిగలదు. ఓనరు కదలకపోతే మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ ఇవ్వండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. న్యాయ సహాయ నంబరు 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. అర్జీ ఆడవాళ్ళ పేరు మీద ఇస్తే ఆదాయంతో పని లేదు, లాయరు ఉచితం.

జవాబు: నీళ్ళ గొడవకి చట్టం అక్కర్లేదు. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చి పెడితే నిండగానే మోటారు ఆగిపోతుంది. బోరులోది సబ్‌మెర్సిబుల్ (నీళ్ళలో మునిగి ఉండే మోటారు) అయితే, ఆ స్విచ్చి వైరుని స్టార్టరులోని కాయిల్ లైనుకి కలపమని ఎలక్ట్రీషియనుకి చెప్పండి. మోటారు లైనుకే నేరుగా కలిపితే కొన్నాళ్ళకి ఫ్లోటులో కాంటాక్టులు మాడిపోయి, ట్యాంకు మళ్ళీ పొర్లుతుంది. ఖర్చు ఓనరుది. ఆ ఉత్తరంలోనే ఇదీ అడిగేయండి.