గుమ్మడి పూలు కోస్తే కాయలు తగ్గుతాయా? అవిసె పూల చేదు ఎలా పోతుంది?

మిద్దెతోట_కొత్త
మిద్దె మీద 40 లీటర్ల గ్రోబ్యాగుల్లో రెండు గుమ్మడి పాదులున్నాయి. విత్తి 45 రోజులైంది. రోజూ నాలుగైదు పూలు పూస్తున్నాయి గానీ ఒక్క పిందె కూడా లేదు. ఇవి కోసి బజ్జీలు వేసుకుంటే కాయలకి దెబ్బా? పెరట్లో తెల్ల అవిసె కూడా పూసింది. కూర చేస్తే నోట పెట్టలేనంత చేదు, ఉడికించి నీళ్లు వార్చినా పోలేదు. ఇంకో సందేహం: పాదులకి వేపనూనె కొడుతున్నాను, ఆ పూలు తినొచ్చా? నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన గులాబీ, శంఖపుష్పం సంగతేమిటి?

పాదుల_పక్షం
ఇప్పుడు పూస్తున్నవన్నీ మగపూలేనండి. గుమ్మడికి ముందు అవే వస్తాయి, ఆడపూలు మొదలవడానికి ఇంకో వారం పది రోజులు పట్టొచ్చు. పువ్వు కింద చూడండి: సన్నగా పొడుగ్గా కాడ ఒక్కటే ఉంటే మగది, పొట్టి కాడ మీద గోళీ అంత పిందె ఉంటే ఆడది. ఆడపువ్వు ఒక్కటి కూడా విచ్చుకోని రోజున మగపూలన్నీ కోసేసుకోవచ్చు, ఎలాగూ మధ్యాహ్నానికి వాడిపోయేవే. ఆడపూలు మొదలయ్యాక మాత్రం రోజూ రెండు మూడు మగపూలు వదిలేయండి.

మిద్దె మీదకి తేనెటీగలు తక్కువగా వస్తుంటే మీరే పుప్పొడి అద్దాలి. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు చించి పక్కన పెట్టి, మధ్యలోని పసుపు కాడని ఆడపువ్వు నడిమి బొడిపె మీద అన్ని వైపులా రుద్దండి. ఎనిమిదింటిలోపే అయిపోవాలి, ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది. చించిన రేకులు పారేయకండి, పప్పులోకి పనికొస్తాయి.

పది పదిహేను రోజులు గడిచినా ఆడపూలు రాకపోతే ఎరువు సంగతి చూసుకోండి. పేడ ద్రావణం, పిండి చెక్కల నీళ్లు వారం వారం పోస్తే తీగ ఏపుగా పాకి ఆకులు, మగపూలే ఎక్కువవుతాయి. నడివేసవి ఎండలకీ ఇలాగే జరుగుతుంది.

వంటింటి_వైపు
అవిసె చేదు చాలావరకు పువ్వు లోపలి కాడలోనే ఉంటుంది. ఉడికిస్తే అది కూరంతా పాకుతుంది, అందుకే నీళ్లు వార్చినా మీకు పోలేదు. ముందే తీసేయాలి. పువ్వుని ఎడమచేత్తో పట్టుకుని అడుగున ఆకుపచ్చ తొడిమ తుంచండి. పడవలా వంగిన రేకుల్ని విప్పితే లోపల కొడవలిలా వంగిన తెల్లటి కాడల కట్ట కనిపిస్తుంది. దాన్ని మొదలంటా లాగేయండి. రేకులే కూరకి. రేపు విచ్చుకుంటుందనుకున్న మొగ్గ అయితే ఇంకా మేలు. ఎర్ర అవిసెకి చేదు ఎక్కువ, దానికి కొంచెం చింతపండు రసం పడాల్సిందే.

పావుకిలో పూలకి గుప్పెడు శనగపప్పు అరగంట నానబెట్టి, పలుకు మీద ఉడికించి వార్చండి. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక పప్పు, పసుపు, ఉప్పు, చివర్న రేకులు. నాలుగైదు నిమిషాలు చాలు. మూత పెడితే నీరు దిగి ముద్దయిపోతుంది.

గుమ్మడి పూల బజ్జీకి పది పూలకి అరకప్పు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, వాము, కారం, ఉప్పు. మిరపకాయ బజ్జీ పిండి కన్నా కాస్త జారుగా కలపాలి, చిక్కగా ఉంటే రేకు కనిపించదు, పిండే తిన్నట్టుంటుంది. సోడా వద్దు, నూనె పీల్చేస్తుంది. లోపలి పసుపు కాడ, కింద ముళ్లలా ఉండే పచ్చ రెక్కలు తుంచేయండి.

(అవిసె చెట్టు వేసుకోవాలనుకునే వాళ్లకి ఒక మాట: కిరాణా కొట్టులో అవిసె గింజలంటే ఇచ్చేవి వేరే మొక్కవి, వాటిని నాటితే జానెడు మూరెడు నీలిపూల మొక్కలొస్తాయి. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి వేసే అవిసె ఇది. విత్తనం అక్కడే అడగండి.)

కుండీల_కాపు
వేపనూనె సంగతి ఎవరూ చెప్పలేదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున పడేలా కొట్టండి. విచ్చుకున్న పూల మీదా, మర్నాడు విచ్చుకునే మొగ్గల మీదా పడనివ్వద్దు. పడిన పువ్వు కడిగినా చేదు వదలదు.

నర్సరీ గులాబీ మాత్రం ఇప్పుడే తినకండి. అక్కడ కొట్టే మందుల్లో కొన్ని మొక్క లోపలికి ఇంకి పూలలోకీ వస్తాయి, కడిగితే పోయేవి కావు. కొన్ని నెలల పాటు వచ్చే పూలు చూసుకోవడానికే. గుల్కందుకి వాసనున్న నాటు గులాబీ విడిగా పెంచడం నయం. పూలదుకాణం గులాబీలైతే అసలు వద్దు.

శంఖపుష్పం నీలి రేకులు కప్పు వేడినీళ్లకి ఐదారు, పచ్చ తొడిమ తీసేసి. నిమ్మరసం పడితే ఊదారంగుకి తిరుగుతుంది, అది పాడవడం కాదు. గింజలు, వేర్లు వాడకండి, విరేచనాలవుతాయి. పిల్లలున్న ఇంట్లో గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఎడారి గులాబీ కుండీలు తినే పూల వరసలో పెట్టొద్దు. అన్నీ విషమే.

మిద్దెతోట_కొత్త
కాడలు తీయడం తెలియక మొత్తం పువ్వే వేశానండి, అదీ సంగతి. గుమ్మడి పూల లోపల చీమలు, నల్లటి చిన్న పురుగులు ఉంటున్నాయి. ఉప్పునీళ్లలో నానబెట్టనా?

వంటింటి_వైపు
వద్దండి, రేకు మెత్తబడి చిరిగిపోతుంది, తడి మిగిలితే నూనె చిటపటలాడి మీద పడుతుంది. కోసిన వెంటనే పువ్వుని తలకిందులు చేసి తెల్ల గుడ్డ మీద రెండుసార్లు తట్టి, పది నిమిషాలు అలాగే వదిలేస్తే చాలావరకు వాటంతటవే వెళ్లిపోతాయి. తర్వాత ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, గుడ్డ మీద బోర్లించండి. ఆ రోజు వండకపోతే తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు, మర్నాటికి మించి కాదు.