సంక్రాంతి మధ్యాహ్నం ఫ్లూటు, పియానో కచేరీ: పనులు పంచుకుందాం

నెల్లూరు నుంచి:

అందరికీ నమస్కారం. కనుమ అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను. మన వైపు నుంచి తేవాల్సినవి, కనుక్కోవాల్సినవి ఏమున్నా నాకు చెప్పండి. మాంచెస్టర్‌లో మన కచేరీకి హాలు పనులు మాత్రం మీరే చూసుకోవాలి.

ముందు టైము సంగతి. కచేరీని శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకే పెడదాం, దయచేసి సాయంత్రానికి జరపొద్దు. జనవరిలో అక్కడ నాలుగు దాటితే చీకటి. కావలి నుంచో కనిగిరి నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు ఆ చలిలో బయటికి రాలేరు. వారమంతా నాలుగు గోడల మధ్యే ఉంటారు పాపం. ఈ కచేరీ ముందుగా వాళ్ల కోసమే అని నా ఉద్దేశం. పైగా అప్పుడు ఇక్కడ సాయంత్రం ఆరున్నర. లైవ్ పెడితే ఊళ్లో ఉన్నవాళ్లు కూడా చూస్తారు.

పగటిపూట కచేరీ అంటే జనం రారేమో అని టెన్షన్ పడకండి. ఆ దేశంలో దానికి పెద్ద చరిత్రే ఉంది. 1939లో యుద్ధం మొదలై, రాత్రిళ్లు దీపాలు ఆర్పేసి హాళ్లు మూసేస్తే, మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు లండన్ నేషనల్ గ్యాలరీలో మధ్యాహ్నం భోజనాల వేళ కచేరీలు పెట్టించారు. చిత్రాలను అప్పటికే భద్రంగా వేరేచోటికి తరలించారు, గోడలు ఖాళీ. టికెట్ ఒక షిల్లింగు. 1946 దాకా సాగాయి. జనం ఆఫీసు మధ్యలో వచ్చి విని వెళ్లేవారు.

అందుకే నాది ఒకటే మాట: గంటసేపు సంగీతం తప్ప ఇంకేమీ వద్దు. ఉపన్యాసాలు, స్పాన్సర్ల పరిచయాలు, లక్కీ డ్రా అన్నీ భోజనాల దగ్గర పెట్టుకుందాం. కళాకారులిద్దరికీ శాలువా బదులు ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు నేను తెస్తాను. చివర్లో ఒక్క నిమిషంలో ఇచ్చేద్దాం.

ఒంగోలు అన్న:

బాగుంది. మన వైపువాళ్లం ఊదే వాద్యం కచేరీ పెడుతూ కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారిని తలుచుకోకపోతే ఎట్లా? నాదస్వరానికి 1998లో సంగీత కళానిధి అందుకున్న మనిషి. రెండు మాటలు నేను మాట్లాడతా.

నెల్లూరు నుంచి:

తప్పకుండా తలుచుకోవాలి అన్నా. అయితే మాటల్లో వద్దు, కార్యక్రమం కాగితం మొదటి పేజీలో ఫొటోతో వేద్దాం, ఆ నాలుగు వాక్యాలు నువ్వే రాయి. అందులోనే ఇంకో సంగతి కూడా రాయాలి. మన కచేరీలో వాయించేది ఫ్రెంచ్ స్వరకర్త పులాంక్ ఫ్లూటు, పియానోల కోసం 1957లో రాసిన సొనాటా, అందులో మూడు భాగాలున్నాయి. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు, మూడోది అయ్యాకే. మనవాళ్లకు బాగుందనిపిస్తే వెంటనే మెచ్చుకోవడం అలవాటు, ముందే చెబితే ఇబ్బంది ఉండదు.

కావలి అక్క:

ఒంటిగంటకు కూర్చోబెట్టి రెండుంబావుకి అన్నం పెడతానంటే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ల గతేంది నాయనా? మా అత్తకు పన్నెండున్నరకి ముద్ద దిగాల.

నెల్లూరు నుంచి:

నిజమే అక్కా. పన్నెండుకే పొంగలి, టీ పెట్టేద్దాం, భోజనం కచేరీ తర్వాత. అయితే వంటిల్లు హాలు పక్కనే ఉంది. గిన్నెలు, గరిటెలు అన్నీ ఒంటిగంటలోపు సర్దేసి తలుపు వేసేయాలి. మెల్లగా వాయించేటప్పుడు స్టీలు మూత కింద పడితే హాలంతా మోగుతుంది. ఆ డ్యూటీ నువ్వే తీసుకో, నీ మాటైతే అందరూ వింటారు.

హాలు చూసే తమ్ముడు:

అన్నా, పియానో ట్యూనర్‌ను శుక్రవారం రమ్మన్నాను. హీటింగ్ శనివారం పన్నెండుకి వేస్తే చాలా?

నెల్లూరు నుంచి:

చాలదు తమ్ముడూ. శనివారం పొద్దున్నే వేయించు, ట్యూనర్‌ను కూడా ఆ వెచ్చదనంలోనే రమ్మను. చలికి ఫ్లూటు శ్రుతి దిగిపోతుంది. ఫ్లూటు వాయించే ఆమె దాని పై గొట్టాన్ని కొంచెం లోపలికి నెట్టి సరిచేసుకుంటుంది గానీ, దానికీ హద్దుంటుంది. పియానో శ్రుతి మాత్రం అప్పటికప్పుడు మారేది కాదు. ట్యూనింగ్ అయ్యాక పియానోను ఎవరూ జరపొద్దు, ఫొటోలకోసమైనా సరే. పేజీలు తిప్పడానికి నొటేషన్ చదవగలిగిన పిల్లలెవరైనా ఒకరు కావాలి.

కావలి అక్క:

చివర్లో ఒక త్యాగరాజ కీర్తన వాయించమందామా? పెద్దవాళ్లు సంతోషిస్తారు.

నెల్లూరు నుంచి:

నాకూ ఇష్టమే అక్కా, కానీ పియానో మీద గమకం పలకదు, స్వరం నుంచి స్వరానికి జారడం దాని మీద కుదరదు. దీక్షితర్ నొట్టుస్వరాలైతే సరిగ్గా సరిపోతాయి. పాశ్చాత్య బాణీలకు ఆయన శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కట్టారు. ‘శ్యామలే మీనాక్షి’ది మన పిల్లలు పాడే ట్వింకిల్ ట్వింకిల్ బాణీయే. తాతలకూ మనవలకూ తెలిసిన పాట. నొటేషన్ ఈ రాత్రే కళాకారులకు పంపిస్తాను, వాళ్లు ఒప్పుకుంటేనే కాగితంలో వేద్దాం. తమ్ముడూ, ట్యూనర్ శనివారం కుదరదంటే రేపే చెప్పు, ఇంకొకరిని వెతకాలి.