జూన్ చివర్లో అమ్మానాన్న వస్తున్నారు, కొలరాడో కొండలు, పార్కులు వాళ్లకి ఎలా చూపిస్తే బాగుంటుంది?

కాకినాడ_టు_ఆరోరా:

అందరికీ నమస్కారం. మేం డెన్వర్ పక్కన ఆరోరాలో ఉంటాం. జూన్ చివర్లో అమ్మానాన్న కాకినాడ నుంచి వస్తున్నారు, ఆగస్టు ఆఖరు దాకా ఉంటారు. అమెరికా రావడం ఇదే మొదటిసారి. నాన్నకి అరవై ఎనిమిది, బీపీ మందులు వాడతారు, నడక బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, సమతలం మీద మెల్లగా నడవగలదు గానీ మెట్లు, ఎత్తుపల్లాలు అంటే కష్టం. మాకు ఇద్దరు చిన్నపిల్లలు.

నేను వేసుకున్న ప్లాన్ ఇది. వాళ్లు గురువారం దిగుతారు, శనివారం రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో ట్రెయిల్ రిడ్జ్ రోడ్, ఆదివారం పైక్స్ పీక్ శిఖరం. తర్వాతి వారాల్లో గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఇసుక దిబ్బలు, మెరూన్ బెల్స్ కొండలు, వీలైతే మెసా వెర్డెలోని పాత కొండ ఇళ్లు. ఇక్కడ పెద్దవాళ్లని తిప్పినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ వరస సరిపోతుందా? పర్మిట్లు, పాసుల సంగతి కూడా కాస్త అర్థమయ్యేలా చెబితే మేలు.

ఎస్టెస్_దారి:

ఆ మొదటి వారాంతం మాత్రం పూర్తిగా మార్చేయండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు.

కాకినాడ సముద్రం ఒడ్డున ఉంది. మీ ఆరోరా పక్కనున్న డెన్వర్ 5,280 అడుగులు, అంటే సుమారు 1,609 మీటర్లు. ఆంధ్రాలో బాగా ఎత్తయిన కొండల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లు. అంటే ఎయిర్‌పోర్టులో దిగి మీ ఇంట్లో సోఫాలో కూర్చున్నా వాళ్లు దాదాపు అర్మ కొండ శిఖరం మీద కూర్చున్నట్టే. అక్కడినుంచి రెండో రోజున ట్రెయిల్ రిడ్జ్ రోడ్డులో 12,183 అడుగులకి, మూడో రోజున పైక్స్ పీక్ మీద 14,115 అడుగులకి తీసుకెళ్తానంటున్నారు, పైగా జెట్‌లాగ్‌లో. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికైనా తలనొప్పి, వాంతులు వచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే గాలిలో ఆక్సిజన్ పీడనం తగ్గితే దానికి ఒళ్లు సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, వయసుతోనో ధైర్యంతోనో సంబంధం లేదు.

మెట్టు మెట్టుగా ఎక్కించండి. మొదటి వారం ఇంటి చుట్టుపక్కలే, నీళ్లు బాగా తాగించండి, నిద్ర పట్టనివ్వండి. తర్వాత ఆరేడు వేల అడుగులు, అంటే రెడ్ రాక్స్, గోల్డెన్ చుట్టుపక్కల. ఆ తర్వాత ఎస్టెస్ పార్క్, అది ఏడున్నర వేలు, వీలైతే అక్కడ ఒక రాత్రి పడుకోండి. పన్నెండు వేలు ఆ తర్వాతే. నాన్నగారి బీపీ విషయం బయల్దేరక ముందే అక్కడి డాక్టర్‌కి చెప్పి, ఇంత ఎత్తుకి వెళ్తున్నాం అని అడిగి రమ్మనండి. పైన ఉన్నప్పుడు తలనొప్పి, వికారం, నడకలో తూలడం కనిపిస్తే ఇంకాసేపు చూద్దాం అనుకోకుండా వెంటనే కిందికి దిగిపోవాలి. దానికి అసలు మందు దిగడమే. మొహమాటంతో మన పెద్దవాళ్లు చెప్పరు, “ఏం లేదురా, పద” అంటారు, కాబట్టి మీరే మొహం చూసి కనిపెట్టాలి.

గోల్డెన్_గోదారి:

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను స్టేట్ పార్కుల గురించి చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు నేషనల్ పార్క్ అనే మాట వింటే చాలు పరిగెడతారు, ఇంటికి గంట దూరంలో ఉన్నవి మాత్రం చూడరు.

ముందు మీ కారు రిజిస్ట్రేషన్ కార్డు తీసి చూడండి. 2023 నుంచి కొలరాడోలో కారు రిజిస్ట్రేషన్‌తో పాటే 29 డాలర్ల ‘కీప్ కొలరాడో వైల్డ్ పాస్’ వచ్చేస్తోంది, వద్దని చెప్పకపోతే బిల్లులో కలిసిపోతుంది. చాలామంది ఆ డబ్బు కట్టేసి కూడా సంగతి తెలియక గేటు దగ్గర మళ్లీ రోజు టికెట్ కొంటున్నారు. కార్డు మీద పాస్ గుర్తు ఉంటే రాష్ట్రంలోని స్టేట్ పార్కులన్నిటికీ ఆ కారు, అందులో ఉన్నవాళ్లందరూ ఏడాదంతా వెళ్లొచ్చు. కార్డు కారులోనే పెట్టుకోండి, గేటులో చూపించాలి. నేషనల్ పార్కులకి మాత్రం ఇది పనికిరాదు. ఇంకో మాట, ఈ డబ్బులో కొంత భాగం కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికే వాలంటీర్ బృందాలకి, మంచు చరియల హెచ్చరికలిచ్చే కేంద్రానికి వెళ్తుంది. అందుకే నేను మాత్రం వద్దని ఎప్పుడూ చెప్పను, మీరూ చెప్పకండి.

ఇక అమ్మగారి మోకాళ్ల గురించి. స్టాంటన్ స్టేట్ పార్క్ అని ఉంది, డెన్వర్‌కి నైరుతిగా, కానిఫర్ దాటాక. అక్కడ ట్రాక్ చెయిర్ అని ఇస్తారు. బ్యాటరీతో నడిచే కుర్చీ, చక్రాలకి బదులు ట్యాంకుకి ఉన్నట్టు రబ్బరు పట్టాలుంటాయి, చేతి దగ్గర చిన్న కర్రలాంటి కంట్రోల్. రాళ్లు, వేళ్లు, చిన్న వాగులు కూడా దాటేస్తుంది. పార్క్ ఎంట్రీ తప్ప వేరే డబ్బు తీసుకోరు, తోడుగా వాలంటీర్ ఒకరు నడుస్తారు. మామూలు రోడ్డు పక్కన ఆగి ఫొటో దిగడం వేరు, పైన్ చెట్ల మధ్య మట్టి బాటలో మనవల పక్కనే లోపలికి వెళ్లడం వేరు. నడవలేని పెద్దవాళ్లు కారులో కూర్చుని మీరు వెళ్లి రండి అనడం నేను చాలా పార్కింగుల్లో చూశాను, నాకు అది చాలా బాధగా ఉంటుంది. ముందుగా రిజర్వ్ చేసుకోవాలి, త్వరగా నిండిపోతాయి, ఇవాళే చూడండి.

గోల్డెన్ గేట్ కాన్యన్‌లో పనోరమా పాయింట్‌కి దగ్గరిదాకా కారు పోతుంది, అక్కడ చెక్క వేదిక మీద నిలబడితే మంచు కొండల వరస ఈ చివర నుంచి ఆ చివరకి కనిపిస్తుంది. నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఫ్రాంక్‌టౌన్ దగ్గర కాసిల్‌వుడ్ కాన్యన్ చూపించండి, 1890లో కట్టి 1933 ఆగస్టులో తెగిపోయిన డ్యామ్ శిథిలాలు ఉన్నాయి, ఆ నీళ్లు డెన్వర్ దాకా వచ్చి ముంచేశాయి.

కాకినాడ_టు_ఆరోరా:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ. మొదటి వారాంతం ఇంటి దగ్గరే ఉంటాం, తేల్చేశాను. కార్డు చూశాను, పాస్ గుర్తు ఉంది! స్టాంటన్ విషయం అమ్మకి ఫోన్‌లో చెప్తే నమ్మలేదు.

రాకీ మౌంటెన్ పర్మిట్ మాత్రం అర్థం కావట్లేదు, రెండు రకాలు కనిపిస్తున్నాయి. తిండి సంగతి కూడా చెప్పండి, నాన్న బయటి తిండి రెండు పూటలకి మించి తినలేరు.

ఖమ్మం_రేంజ్:

పర్మిట్ టెన్షన్ పెట్టుకోకండి, లెక్క తెలిస్తే తేలికే. వేసవి రద్దీ నెలల్లో, అంటే మే చివర నుంచి అక్టోబరు మధ్య దాకా పెడుతున్నారు, రెండు రకాలు. ఒకటి బేర్ లేక్ రోడ్డు కలిపి ఉన్నది, దానికి ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా పర్మిట్ కావాలి. రెండోది బేర్ లేక్ రోడ్డు కాకుండా మిగతా పార్క్, అందులోనే ట్రెయిల్ రిడ్జ్ రోడ్ వస్తుంది, దానికి ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 మధ్యలో వెళ్తేనే పర్మిట్. మీకు ట్రెయిల్ రిడ్జ్ మాత్రమే కావాలంటే పొద్దున్నే 9 లోపు గేటు దాటండి, ఏ పర్మిటూ అక్కర్లేదు. బేర్ లేక్ వైపు కూడా కావాలంటే జులై పర్మిట్లు జూన్ 1 ఉదయం 8 గంటలకి రిక్రియేషన్ డాట్ గవ్‌లో తెరుస్తారు, అప్పుడు దొరక్కపోతే ముందు రోజు రాత్రి 7 గంటలకి కొన్ని వదులుతారు. పర్మిట్‌కి 2 డాలర్లు, ఎంట్రీ ఫీజు వేరే. ఏటా చిన్న చిన్న మార్పులు చేస్తుంటారు కాబట్టి పార్క్ సైట్ ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, ఇది మీకు చాలా ముఖ్యం. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని, 16 ఏళ్లు నిండినవాళ్లకి 11 నేషనల్ పార్కుల్లో మామూలు ఫీజు మీద మనిషికి 100 డాలర్లు అదనం పెట్టారు, రాకీ మౌంటెన్ అందులో ఉంది. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు ఈ లెక్కలోకే వస్తారు. మీ దగ్గర ఏ పాస్ ఉంది, కారులో ఎవరెవరు ఉంటారు అన్నది చెప్పి బయల్దేరే ముందే పార్క్‌వాళ్లని అడగండి. గ్రేట్ శాండ్ డ్యూన్స్, మెసా వెర్డె, బ్లాక్ కాన్యన్ ఆ 11లో లేవు.

అమ్మగారికి స్ప్రేగ్ లేక్ చూపించండి, చెరువు చుట్టూ మైలు కూడా లేని చదునైన బాట, వీల్‌చెయిర్ కూడా పోతుంది, మధ్య మధ్యలో బెంచీలు. అది బేర్ లేక్ రోడ్డు మీద ఉంది, పర్మిట్ ఆ రకమే తీసుకోవాలి. లిల్లీ లేక్ కూడా అలాంటిదే, ఎస్టెస్ నుంచి 7వ నంబరు హైవే మీద వస్తుంది.

ట్రెయిల్ రిడ్జ్ మీద జులైలో కూడా స్వెట్టర్, మంకీ క్యాప్ ఉండాల్సిందే, చెట్లు లేని చోట గాలి కోసేస్తుంది. మధ్యాహ్నం పిడుగులు పడతాయి, ఆ ఎత్తులో తలదాచుకోవడానికి ఏమీ ఉండదు, అందుకని పన్నెండు లోపు చూసుకుని దిగడం మొదలుపెట్టండి. పైన గడ్డి మీద నడవనివ్వకండి, బాట మీదే ఉండాలి. అంగుళం ఎత్తు పూల మొక్క ఒకసారి నలిగితే కోలుకోవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. పిల్లలు ఉడతలకి చిప్స్ వేస్తామంటారు, వద్దు, అది చట్టరీత్యా నేరం, వాటికీ మంచిది కాదు. ఎల్క్ అనే పెద్ద దుప్పులకి కనీసం 75 అడుగులు, ఎలుగుబంటి, మూస్ (ఇంకా పెద్ద జాతి దుప్పి) అయితే 120 అడుగులు దూరం ఉండాలి.

పులిహోర_ప్యాక్:

తిండి గురించి నేను చెప్తాను. పులిహోర, చపాతీ, పెరుగన్నం, ఈ మూడూ ఐస్ డబ్బాలో పెట్టుకుంటే రోజంతా గడిచిపోతుంది. పెరుగన్నం డబ్బా మూత మరీ బిగించకండి, పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి పీడనం తగ్గి లోపలి గాలి నెడుతుంది, మిక్చర్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బుతాయి, డబ్బా మూత టప్పున లేచిందంటే సీటంతా పెరుగే. పైన మూత పెట్టిన ఖాళీ వాటర్ బాటిల్ డెన్వర్ చేరేసరికి నొక్కేసినట్టు లోపలికి పోయి ఉంటుంది, పిల్లలకి చూపించండి, సైన్స్ పాఠం అక్కడే అయిపోతుంది.

ఎస్టెస్‌లో క్యాబిన్ తీసుకుంటే కుక్కర్ పట్టుకెళ్లండి. డెన్వర్‌లోనే నీళ్లు సుమారు 95 డిగ్రీలకి మరిగిపోతాయి, ఎస్టెస్‌లో ఇంకా తక్కువకి, కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడికేసరికి అందరూ నిద్రపోతారు. తిండి కారులో వదలకండి, ఎలుగుబంట్లు తలుపులు తెరవగలవు.

పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. ట్రెయిల్స్ మొదట్లో ఉండే టాయిలెట్లు చాలావరకు గుంట టాయిలెట్లే, నీళ్లు ఉండవు. రెండు లీటర్ల బాటిల్, చిన్న మగ్గు, శానిటైజర్ కారులో విడిగా పెట్టండి. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు టాయిలెట్ భయానికి నీళ్లు తాగడం మానేశారు, ఆ ఎత్తులో అది చాలా ప్రమాదం.

ఎస్టెస్_దారి:

మిగిలిన చోట్ల గురించి కూడా చెప్పేస్తాను.

పైక్స్ పీక్ ఆగస్టుకి జరపండి, అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది. మానిటౌ స్ప్రింగ్స్ ఊరి నుంచి కాగ్ రైలు, అంటే పళ్ల చక్రంతో పట్టాని పట్టుకుని ఎక్కే రైలు, పైదాకా వెళ్తుంది, 1891 నుంచి నడుస్తోంది, 2021లో కొత్తగా మళ్లీ మొదలుపెట్టారు. రానూపోనూ మూడు గంటలపైనే, రైల్లో టాయిలెట్ లేదు, ఎక్కేముందే వెళ్లి రమ్మనండి. కారులో వెళ్తే దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగండి, గ్లెన్ కోవ్ దగ్గర మీ బ్రేకులు ఎంత వేడెక్కాయో కొలిచి చూస్తారు, ఎక్కువుంటే ఆపేస్తారు. నాన్నగారికి ఆ రోజు ఏమాత్రం బాగోకపోయినా శిఖరం వదిలేయండి. కిందనే గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ ఉంది, టికెట్ లేదు, మధ్యలో చదునైన బాట, రెండు పక్కలా గోడల్లా నిలబడ్డ ఎర్ర రాళ్లు. శిఖరం కంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.

శాండ్ డ్యూన్స్ జులై మధ్యాహ్నం వద్దే వద్దు, ఇసుక 150 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా కాలిపోతుంది. ఇసుక దిబ్బల ముందు పారే మెడానో క్రీక్ మే చివర, జూన్ మొదట్లో బాగుంటుంది, మీవాళ్లు వచ్చేసరికి తగ్గిపోతుంది. అయినా వెళ్తే తెల్లవారుజామున దిబ్బల దగ్గర ఉండేలా ముందు రోజు రాత్రి అలమోసాలో ఆగండి. విజిటర్ సెంటర్‌లో ఇసుకలో తిరిగే వెడల్పు చక్రాల వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారు.

మెరూన్ బెల్స్‌కి వేసవిలో పగలు సొంత కారు మామూలుగా పోనివ్వరు, ఆస్పెన్ హైలాండ్స్ నుంచి బస్సు, ముందే బుక్ చేయాలి. బస్సు దిగాక చెరువు దగ్గరే, అమ్మగారు నడవగలరు. మెసా వెర్డె ఈసారికి మానేయండి. డెన్వర్ నుంచి ఆరేడు గంటల దారి, కొండ చరియ కింద కట్టిన ఆ పాత ఇళ్లలోకి వెళ్లాలంటే నిచ్చెనలు ఎక్కాలి. అంత దూరం తీసుకెళ్లి ఆవిడని పైనుంచి మాత్రమే చూడమనడం నాకు న్యాయం అనిపించదు. ఆ రెండు రోజులు స్టాంటన్‌కి ఇంకోసారి, ఎస్టెస్‌లో ఇంకో రాత్రికి పెట్టండి.

కాకినాడ_టు_ఆరోరా:

మెసా వెర్డె తీసేశాను. స్టాంటన్ కుర్చీ జులై మూడో వారంలో ఒక మంగళవారానికి దొరికింది, ఆఫీసుకి సెలవు పెట్టేశాను. జూన్ 1 ఉదయం 8కి అలారం కూడా పెట్టుకున్నాను. ఒక్కటే ప్రశ్న మిగిలింది, అమ్మ చీరతోనే ఉంటుంది, ఆ కుర్చీలో ఇబ్బందేమైనా ఉంటుందా?

గోల్డెన్_గోదారి:

కూర్చోవడానికి ఇబ్బంది ఉండదు, కానీ పట్టాలు తిరుగుతుంటాయి కాబట్టి కొంగు బొడ్లో దోపుకుని, కుచ్చిళ్లు కిందికి వేలాడకుండా కాళ్ల మీద చిన్న దుప్పటి కప్పి అంచులు లోపలికి దోపండి. చెప్పులు వద్దు, సాక్సు, బూట్లు వేయించండి. బయల్దేరే ముందు వాలంటీర్‌కి చీర సంగతి చెప్తే వాళ్లు కూడా ఒకసారి చూసి సర్దుతారు.